స్కాట్లాండ్ పిల్లకు మా గోత్రం

ఆ రోజుల్లో సూరత్‌లో మా ఖటోదరా పేట మరమగ్గాల మధ్య ఇంగ్లీషు మాట్లాడగల తెలుగువాణ్ణి నేనొక్కణ్ణేనని నాకు గట్టి నమ్మకం. (బీకాం రెండో దండయాత్రలో గట్టెక్కిన ఇంగ్లీషు అది. అయినా మగ్గాల చప్పుడులో తప్పులు ఎవరికి వినపడతాయి?) ఇరవై రెండేళ్ళ మనిషికి ఏదో ఒక గర్వం లేకపోతే తిన్నది అరగదు. అందుకే మా శేఠ్ ఒకరోజు పిలిచి, విలాయతులో ఉన్న తన బావమరిది పంపగా ఒక స్కాట్లాండ్ అమ్మాయి వచ్చిందనీ, ఆమెను ఊరంతా తిప్పే బాధ్యత నాదేననీ అన్నప్పుడు, ఈ దేశంలో ప్రతిభకు ఇంకా విలువుందని పొంగిపోయాను. అసలు సంగతేమిటంటే, ఆమె మాట శేఠ్‌కు ఒక్క ముక్కా అర్థం కాలేదట. నాకూ మొదటి రోజు సగమే అర్థమైంది. మిగతా సగానికి నవ్వుతూ తల ఊపాను.

ఆమె వెతుకుతున్నది తన తాతముత్తాతల జాడ. వాళ్ళ ఊరి చర్చిలో పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ రాసిపెట్టిన పాత పుస్తకాల నకళ్ళు సంచీ నిండా తెచ్చుకుంది. చూస్తే అన్నీ నేతగాళ్ళ పేర్లే. జాన్ కొడుకు విలియం, విలియం కొడుకు జాన్, ఆ జాన్ కొడుకు మళ్ళీ విలియం. "మీ ఇంట్లో పేర్లకు కరువొచ్చిందా?" అని అడిగాను. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం తమ ఆచారమని ఆమె నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది. చివరి విలియం పేరు పక్కన 'సూరత్ వెళ్ళాడు' అని రాసి ఆ చర్చివాళ్ళు చేతులు దులుపుకున్నారు. ఆయన గోరీ కనిపిస్తే చాలట ఆమెకు. నాకు మాత్రం ఆమె నన్ను కనిపెడితే చాలనిపించింది. కొత్త చొక్కా కొన్నాను. తలకు నూనె మానేసి జెల్ పట్టించాను. రోజూ మేడమీద నడుస్తూ, వాళ్ళ వంశంలోని ఏడు తరాల పేర్లు వరసగా బట్టీపట్టాను.

స్కూటీ మీద తిరగని చోటు లేదు. పాత ఇంగ్లీషు గోరీల దగ్గర నాచు గీకి గీకి నా గోళ్ళు పచ్చబడ్డాయి. జాన్‌లు దొరికారు గానీ మా విలియం దొరకలేదు. (అప్పటికే 'మా విలియం' అనేదాకా వచ్చాను.) మా అవస్థ చూసి అక్కడి కాపలాదారు జాలిపడి, అదిగో ఆ మూల గోరీ పెద్దది, నీడ కూడా బాగుంటుంది, అదే మీ విలియంది అనుకోండి అని సలహా ఇచ్చాడు. ఆ మాట తర్జుమా చేస్తే ఆమె నవ్వింది, కాని కళ్ళు దిగులుగా ఉన్నాయి. ఇదే అదననుకుని, నేతోళ్ళ ఇల్లు చూద్దువు గాని రమ్మని మా ఇంటికి తీసుకెళ్ళాను. నా అసలు ఉద్దేశం అమ్మకూ నాయనమ్మకూ ఒకసారి చూపించడం.

నాయనమ్మ ఆమెను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని విచారణ మొదలుపెట్టింది. ఇంటిపేరు అడిగింది, రెండుసార్లు పలకబోయి వదిలేసింది. కులవృత్తి ఏమిటంది. నేతపని అని నేను చెప్పేసరికి నాయనమ్మ ముఖం విప్పారింది.

"నేతోళ్ళా? గా ముక్క ముందుగాల చెప్పవేంది పెద్దయ్యా. మనోళ్ళే."

నా గుండె గంతులేసింది. సగం పెళ్ళి అయిపోయినట్టే అనుకున్నాను. అప్పుడు గోత్రమేమిటని అడిగింది నాయనమ్మ. వాళ్ళ దేశంలో గోత్రాలుండవని చెప్పాను. నాయనమ్మ నా జెల్ నుంచి కొత్త చొక్కా దాకా ఒకసారి నిదానంగా చూసింది.

"గోత్రం లేకుంట మనిషెట్లుంటది? తెల్వకుంటె మనదే ఇద్దాం తియ్యి. ఇయ్యాల్టి సంది మనింటి ఆడిబిడ్డ. నీకు అక్కైతది."

అయిపోయింది. ఒకే గోత్రమంటే తోబుట్టువులే, ఇక పెళ్ళి మాట తలవడానికి కూడా వీల్లేదు. "అక్కకు చాయ్ తేపో" అంది అమ్మ లోపల్నుంచి. ముఖం గంటు పెట్టుకుని చాయ్ తెచ్చాను. నువ్వు మీ తాతల పేర్లు చెప్పావు గనుక మావాళ్ళవీ రాసుకో అంటూ నాయనమ్మ మొదలుపెట్టింది. ఎవరు ఏ ఊళ్ళో మగ్గం నేశారో, ఎవరు ముందుగా సూరత్ రైలెక్కారో చెబుతుంటే, నేను వెలక్కాయ మింగినవాడిలా తర్జుమా చేశాను. తాత పేరు నేనే చెప్పాను. తాత తండ్రి దగ్గరికి రాగానే నాయనమ్మ ఆగిపోయింది.

"మామ పేరు కోడలు నోటెంట పైకి అనొద్దు. జర ఇటు రా బిడ్డా, చెవుల చెప్త."

ఆ అమ్మాయి చెవిలో చెప్పి, తన పెదవుల మీద వేలు పెట్టుకుంది. ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూసి నవ్వుతూ రాసుకుంది. నా చొక్కా మీద ఏదో అనుకున్నారని ఉడుక్కున్నాను. ఆ వారమే రాఖీ పున్నమి కావడం నా ఖర్మ. చేతికి రాఖీ కట్టించుకుని, పెడా తిని, మా మగ్గం చీర ఒకటి పెట్టి ఆమెను సాగనంపాను. గోరీ దొరక్కపోయినా ఇల్లు దొరికిందని కళ్ళు తుడుచుకుంది.

అప్పటి నుంచి ఏటా స్కాట్లాండ్ నుంచి రాఖీ వస్తూనే ఉంది. నాయనమ్మ పోయింది. మొన్న మా అమ్మాయికి బళ్ళో వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. నా ముత్తాత పేరు దగ్గర పెన్ను ఆగింది. ఏడు తరాల స్కాట్లాండ్ వాళ్ళను ఇప్పటికీ నిద్రలో అడిగినా చెబుతాను గానీ, ఇది మాత్రం తెలియదు. నాయనను అడిగితే, "తాతను తాతా అనే పిల్సిన. పేరు వెట్టి పిలుస్తరా ఎవరన్న?" అని నన్నే కసిరాడు. ఇక గత్యంతరం లేక అక్కకు ఫోన్ చేశాను. మా ముత్తాత పేరు చెప్పమని స్కాట్లాండ్‌కు ఫోన్ చేసిన మొదటి నేతగాణ్ణి నేనే అయివుంటాను.

ఆమె తనకు వచ్చిన ఒకే ఒక్క తెలుగు మాటతో మొదలుపెట్టి, "తమ్ముడూ, నీకు తెలుసనుకున్నాను ఇన్నేళ్ళూ. అది నీ పేరే" అంది.

నాకు పేరు పెట్టింది తాతే. ఏడాది తిరక్కుండానే పోయాడు. ఆ పేరు ఎందుకు పెట్టావని అడిగే ధైర్యం నాయనకు లేదు. నాయనమ్మ మాత్రం బతికినన్నాళ్ళూ నన్ను పేరుతో పిలవలేదు. పెద్దయ్యా అనే పిలిచేది. గల్లీ పిల్లలంతా దాన్ని పట్టుకుని ముసలోడా అని ఏడిపిస్తుంటే, అలా పిలవొద్దని ఆమె మీద ఎన్నిసార్లు అలిగానో. పాపం, ఆమెకు వేరే దారి లేదు.

మా అమ్మాయి గళ్ళన్నీ నింపి, పైనా కిందా ఒకే పేరు చూసి, "మనింట్ల పేర్లకు కరువొచ్చిందా పప్పా?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఎవరైనా ఒక్కసారి పెద్దయ్యా అని పిలిస్తే బాగుండుననిపించింది.