ఒక స్కీ అయింది, ఒకటి మిగిలింది

1998 డిసెంబరు, రెండో ఆదివారం. మూసాపేట.

మా మరిది ఈ బుధవారం పొద్దున పోయాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో, పనిబల్ల ముందు స్టూలు మీద కూర్చుని టీ అడిగాడు. మా తోడికోడలు గ్లాసు తీసుకుని వెళ్లేసరికి తల బల్లకు ఆనించి ఉన్నాడు. దవాఖానలో గుండె ఆగిందని చెప్పారు. జిగురు వాసనకు పోయాడని మన కాలనీలో ఒక మాట తిరుగుతోంది. అది తప్పు. ఆయన పోయినరోజు జిగురు డబ్బా మూత తీయనేలేదు.

పరామర్శకు వచ్చినవాళ్లలో చాలామంది షెడ్డులోకి తొంగిచూసి, గోడకు ఆనించిన పొడవాటి తెల్ల బద్దను చూపించి ‘అదేంది’ అని అడిగారు. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక లేదు. పైగా ఆయన వదిలివెళ్లిన పనికి మీ సాయం కావాలి. అందుకే మన కాలనీ పత్రికకు ఇది రాస్తున్నాను.

అది స్కీ. మంచుకొండ మీద జారడానికి కాళ్లకు కట్టుకునే జోడులో ఒకటి. హైదరాబాదులో మంచు ఎక్కడుందని అడగకండి, నేను మొదటిరోజే అడిగాను. ‘ఫ్రిజ్‌ల ఉన్నది గద వదినె’ అన్నాడు. ఆ తర్వాతి వారమే మా పాత ఫ్రిజ్ మోటారు విప్పుకుని షెడ్డుకు తీసుకుపోయాడు.

పడుచుతనంలో ఆయన మిలటరీలో మెకానిక్కు. కాశ్మీరులో జవాన్లు స్కీల మీద రేషను మోసుకుంటూ జారిపోవడం చూశాడు, తనూ జారాడు. వచ్చాక బాలానగర్‌లో ఫైబరు నీళ్లట్యాంకులు చేసే షెడ్డులో చేరి అక్కడే రిటైరయ్యాడు. కుదురుగా కూర్చోవడం ఆయన వల్ల కాదు. నిలబడే అన్నం తినేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ దగ్గరున్న తలుపునో, బల్లనో, నా బీరువానో వేలి కణుపుతో తట్టి చెవి పెట్టేవాడు. పొరలు గట్టిగా అతుక్కున్నచోట ఒక చప్పుడు, లోపల గాలి దూరినచోట ఇంకో చప్పుడు. ఎవరింటికి వెళ్లినా ఇదే. పెళ్లిచూపుల్లో అవతలివాళ్ల సోఫాను తట్టి ‘లోపల డొల్లనే’ అన్నందుకు నేను ఆయనతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

స్కీలు మా మనవరాలి కోసం. మాదాపూర్‌లో కొత్తగా లేచిన గాజు మేడలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. పొట్టి పిల్ల. పోయిన చలికాలం కాలేజీవాళ్లతో హిమాచల్ వెళ్తే, అక్కడ కిరాయికి ఇచ్చినవి ఆమె తలను మించిన పొడవు. మొదటిరోజే మోకాలు బెణికింది. మిగతా శిక్షణంతా బెంచీ మీద కూర్చుని మిగతావాళ్లను చూడమన్నారు. ఇంటికొచ్చి ఏడ్చింది. మా మరిది ఆమెను గోడకు నిలబెట్టి, గడ్డం దాకా పెన్సిలు గీత గీశాడు. ‘గింతే ఉండాలె బిడ్డా. నీ స్కీ మూసాపేటల పుడ్తది’ అన్నాడు.

స్కీ మధ్యలో వెదురు. సన్నటి బద్దలు పక్కపక్కన అతికించి, నడుమ మందంగా, కొసలకు పలచగా చిత్రిక పడతాడు. దానికి పైనా కిందా గాజునార గుడ్డ, జిగురు. అడుగున జారే తెల్ల ప్లాస్టిక్ పలక. అంచులకు సన్నటి ఉక్కు పట్టీలు. ఇదంతా వంపు తిరిగిన అచ్చు మీద పేర్చి, ప్లాస్టిక్ సంచిలో మూసి, నా ఫ్రిజ్ మోటారుతో సంచిలోని గాలి లాగేస్తాడు. అప్పుడు బయటి గాలి అన్ని వైపులా అదిమిపెడుతుంది. ‘గాలి మీద కూసుంటది వదినె, కిరాయి అడగది’ అనేవాడు. జిగురు కలపడం మాత్రం తెల్లవారుజామునే. రేకు వేడెక్కితే గిన్నెలోనే బిగిసిపోతుంది. ‘తొందర జిగురుకుండాలె, మనకు గాదు’ అని మనవరాలికి నేర్పాడు. తాను మాత్రం ఏ రోజూ తొందర లేకుండా ఉండలేదు.

నేను బడిలో లెక్కలు చెప్పినదాన్ని. రెండింటి వంపూ దారం కట్టి, స్కేలుతో కొలిచేదాన్ని. ఆయనకు అది నచ్చేది కాదు.

‘కంటికి సరిపోతె చాలు వదినె.’

‘కంటితో జారరు. కాలికి సరిపోవాలి.’

‘మిలటరీల గూడ నిన్ను జూస్తె సెల్యూట్ గొడ్తరు’ అని గొణుక్కుంటూ మళ్లీ చిత్రిక అందుకునేవాడు.

మొదటి జోడు ఎలా పోయిందో చెప్పాలి. దసరాకు బాలానగర్‌లో ఏ మిషనుకైనా బొట్టు పడాల్సిందే. ఆయన కూడా ఆయుధ పూజ రోజు రంపానికి, చిత్రికకు, డ్రిల్లుకు నూనెలో కలిపిన కుంకుమ పెట్టి, బల్ల మీద అప్పటికింకా గుడ్డ కప్పని వెదురుకు కూడా నిండుగా బొట్లు పెట్టాడు. ఆ తర్వాత దాని మీదే జిగురు పోశాడు.

దసరా వెళ్లాక ఒక ఆదివారం మేం ముగ్గురం రాయదుర్గం వెళ్లాం. అక్కడ కట్టుబడికి పోసిన ఇసుక గుట్టలు మేడంత ఎత్తు. వాచ్‌మన్ అడ్డంపడ్డాడు.

‘ఓ పెద్దమనిషీ, గవి ఏంది? కావడి బద్దలా?’

‘స్కీలు. మంచుల జారేటివి. జర జారి సూస్కోని పోతం.’

‘మంచుల జారేటివి ఇసుకల జారుతయా?’

‘హైదరాబాద్‌ల మంచు పడేదాక ఆగాల్నా తమ్మీ?’

వాచ్‌మన్ నావైపు చూశాడు. నేను గంభీరంగానే నిలబడ్డాను. ‘సార్లొస్తె నా నౌకరి పోతది. ఒక్కపాలి జారి పోండ్రి’ అన్నాడు.

మనవరాలు ఇసుక మీదుగా కిందకు జారింది. మధ్యలో టప్పుమని ఒక శబ్దం. చూస్తే బూటు కింద అరచేతంత మేర పొర లేచింది. మా మరిది అక్కడే కూర్చుని కత్తితో గుడ్డ చీల్చాడు. లోపల వెదురు మీద ఎర్రగా, చెక్కుచెదరకుండా బొట్టు. దానివంక చూసి నవ్వాడు. ‘నూనె ఉన్నకాడ జిగురు పట్టది. దేవుడు గూడ ఏం జేస్తడు? నేనే పెట్టిన.’ ఆ రాత్రే కొత్త వెదురు చీల్చడం మొదలుపెట్టాడు.

ఈ రెండో జోడులో ఒకటి పూర్తయింది. తట్టి చూసి ‘గట్టి’ అన్నాడు. ఇంకోదానికి వెదురు తయారు, గుడ్డ కత్తిరించి ఉంది, పలక ఉంది. తెల్ల పలకకు జిగురు ఊరికే పట్టదు. గరుకు కాగితంతో రుద్ది, దీపం మంట దాని మీదుగా ఒకసారి చకచకా పోనివ్వాలి. ఆ మంట పని బుధవారం పొద్దున అయిందో లేదో తెలియదు. చూస్తే తెలియదు. ఆ పలకను వెలుతురులో తిప్పి చూడటానికి ఈ నాలుగు రోజుల్లో ఎన్నోసార్లు షెడ్డులోకి వెళ్లొచ్చాను. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే అక్కడికే కాళ్లు పోతున్నాయి.

ఈ చలికాలం మళ్లీ హిమాచల్ వెళ్లాల్సిన మనవరాలు ఇప్పుడు వెళ్లనంటోంది. ‘చిన్న తాత లేడు, నేనెందుకు నానమ్మా?’

‘సెలవు దొరికింది, టికెట్ ఉంది, ఒక కాలికి స్కీ ఉంది. రెండో కాలు ఏం పాపం చేసింది?’ అన్నాను.

మైలలో పనిముట్లు ముట్టుకోకూడదని బంధువులన్నారు. నాకూ అదే పట్టింపు. మా తోడికోడలిని అడిగాను. గోడవైపు తిరిగి పడుకునే జవాబిచ్చింది. ‘దినాలు కానియ్యి అక్కా. అయినంక చేయుండ్రి. ఆయన అన్నం గూడ సగంల ఇడిచిపెట్టలే ఎన్నడు.’

కాబట్టి జరగాల్సినవి ఇవి.

1. పదకొండో రోజు శుద్ధి అయిన మర్నాడు, ఎండ రేకు మీదికి రాకముందే పని మొదలవుతుంది. జిగురు కలిపేది మా మనవరాలే.

2. పలక గరుకు, మంట పని మళ్లీ మొదటినుంచి. అయిందేమో అనుకుని వదలడం లేదు.

3. ఆ రోజంతా మోటారు ఆగకూడదు. కరెంటు పోతే సంచిలోకి గాలి దూరుతుంది. పక్క సందులో టైలరింగ్ షాపు పెట్టుకున్న అబ్బాయి తన జనరేటరు ఇస్తానన్నాడు. ఆ పూట అతని దగ్గర బట్టలు ఆలస్యమైతే ఎవరూ పోట్లాడకండి.

4. తలకు నూనె రాసుకున్న చేతులతో, పసుపు చేతులతో ఎవరూ షెడ్డులోకి రావద్దు. పరామర్శ వీధి అరుగు మీదే. నాకూ ఇదే నియమం.

5. జిగురు పూసేముందు రెండింటి వంపూ నేను దారంతో కొలుస్తాను. తేడా ఉంటే మనవరాలు చిత్రిక అందుకోవాలి, గొణుక్కున్నా సరే.

6. సంచి విప్పాక ఎవరూ మాట్లాడకండి. మా తోడికోడలు ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలి కణుపుతో తడుతుంది. ఆ చప్పుడు ఆమె నాకంటే ఎక్కువ విన్నది. ఆమె ‘గట్టి’ అన్నాక, అప్పుడు బొట్టు, పైపొర మీద.