నోరెత్తని వాళ్ళు

ఎస్.కోట దాటి బస్సు అరకు ఘాట్ ఎక్కుతోంది. నా పక్కనున్న అమ్మాయి ఒళ్ళో బ్యాగు జిప్పు తీస్తోంది, వేస్తోంది, మళ్ళీ తీస్తోంది. మోకాలు ఆగకుండా ఊగుతోంది. చిరాకేసి, కాస్త ఆపమ్మా అనబోయాను. ఇంతలో వెనక సీట్లో ఒకాయన "సచ్చిపోతన్నాను బాబో" అని అరుస్తూ కిటికీలోంచి వాంతి చేసుకున్నాడు.

ఆ అమ్మాయి చటుక్కున లేచింది. ఆయన్ని వదిలేసి, ఆ పక్కన కళ్ళు మూసుకుని ఒరిగిపోయిన ముసలమ్మ మణికట్టు పట్టుకుని నాడి చూసింది. నిద్రేనని తేలాక వచ్చి కూర్చుంది.

"బాధపడుతున్నది ఆయన కదమ్మా?" అన్నాను.

"అరిసేవోళ్ళకి పర్లేదక్కా. నోరెత్తనోళ్ళనే ముందు సూడాలి. నేను ఎమర్జెన్సీ వార్డులో నర్సుని. మాకు మొదట నేర్పేది అదే."

జిప్పు మళ్ళీ తీసింది. "మొన్న మాత్రం అరిసినోడి దగ్గరికే ఎల్లాను. డ్యూటీ మీద డ్యూటీ, బుర్ర పన్జెయ్యనేదు. మూల మంచం మీద తాత ఊరికే పడుకున్నాడనుకున్నాను."

తాతకేమైందని అడగబోయి, మాట మార్చాను. "సెలవు పెట్టావా?" అన్నాను.

"నేదక్కా. ఎవులికీ సెప్పకుండా బస్సెక్కీసాను."

ఆ తరవాత ఆమె మాట్లాడలేదు. మోకాలు ఆగిపోయింది. చెయ్యి జిప్పు మీదే ఉండిపోయింది. ఎప్పుడు ఆపుతుందా అని విసుక్కున్నదాన్ని, ఆ కదలకపోవడం చూసి భయపడ్డాను. ఆమె మణికట్టు పట్టుకున్నాను. నాడి చూడటం నాకు రాదు. అయినా అనంతగిరిలో ఆమె దిగేదాకా వదల్లేదు.