తెలుగులో పోయిన బాడుగిల్లు

మా చిన్నప్పుడు... మేం కాపురమున్నన్ని కొత్త ఇళ్ళలో ఏ జమీందారూ ఉండి ఉండడు! నాయన మేస్త్రీ. తమిళనాడులోని గుడియాత్తంలో ఎక్కడ ఇల్లు కడితే అక్కడ సిమెంటు మూటలకు కాపలాగా మేమూ ఉండేవాళ్ళం. కిటికీలకు గోనెపట్టలు, ఇటుకల పొయ్యి, ఆరని గోడల వాసన...

గృహప్రవేశం దగ్గర పడిందంటే అమ్మ ముఖం మాడిపోయేది. ఆవూ దూడా లోపలికి వచ్చేలోగా మేం తట్టాబుట్టా సర్దుకుని బయటికి పోవాలి. నాయనకు పంచె, అమ్మకు చీర పెట్టి పంపేవారు. మర్యాదకేం లోటు లేదు లెండి.

ఆ ఏడు నాయనకు పళ్ళికొండలో పని దొరికింది. అక్కడికి పోతే నాకు మళ్ళీ బడి మార్పు. అప్పటికే బళ్ళు మారి మారి నా ఎక్కాలు సగంలో ఆగిపోయాయి. ఈసారి అమ్మ పట్టు పట్టింది.

"పిల్ల బడి ఇడిసేది లేదు. నువ్వు బస్సులో పోయిరా. నేను ఈడే బాడుగిల్లు సూస్తా."

అప్పట్లో ఇల్లు వెతకడమంటే కాళ్ళరిగేలా తిరగడమే... కుళాయి దగ్గర ఆడవాళ్ళను అడగాలి, చిల్లరకొట్లో అడగాలి, వాకిట్లో టు-లెట్ అట్ట కనిపిస్తే తలుపు తట్టాలి. అమ్మ అందరినీ తమిళంలోనే అడిగేది.

సాయంత్రానికి ఒకటి దొరికింది. పెరట్లో ఒక గది, వంటకు కాస్త చోటు, బావి. ఇంటావిడ బాడుగ చెప్పి, శుక్రవారం వచ్చి పాలు పొంగించుకోమంది, తమిళంలోనే. నేనప్పుడే నా పుస్తకాల సంచి తగిలించడానికి గోడకు మేకు కూడా చూసుకున్నాను.

అంతలో ఆమె ఇంట్లో ఉన్న కూతురిని కేకేసింది. "పాపా, బీగంచెవి యాడ పెట్నావు?"

అమ్మ ముఖం వెలిగిపోయింది.

"అయ్యో, మీరు మనోళ్ళేనామ్మా! ఇంతసేపూ అరవంలో మాట్లాడతా ఉండామే!"

ఇంటావిడా నవ్వింది. "అట్లనా! మీరు ఏ తెలుగోళ్ళమ్మా?"

"రాతిపని, మట్టిపనోళ్ళమమ్మా. మీ పక్కింటి మిద్దె మా ఆయన కట్టిందే!"

ఆవిడ నవ్వు అలాగే ఉంది. కూతురు తెచ్చిన తాళంచెవి మాత్రం కొంగు ముడిలోకి పోయింది.

"మర్సేపోయినానమ్మా... మా సెల్లెలి కొడుకు వస్తానన్నాడు ఈ గదికి. ఏమీ అనుకోవద్దు." ఎంత తియ్యటి తెలుగులో చెప్పిందో!

తిరిగి వస్తుంటే దారిలో అమ్మ ఒక్కటే అంది, "మనోళ్ళనుకున్నానే..." అని. మేం పళ్ళికొండ వెళ్ళిపోయాం. ఏ చెల్లెలి కొడుకూ రాలేదు, వాళ్ళ వాకిట్లో టు-లెట్ అట్ట చాలారోజులు అక్కడే వేలాడిందని తర్వాత తెలిసింది. ఆ కడుపుమంట నాకింకా చల్లారలేదు.

ఇప్పుడు వేలూరులో ఇల్లు వెతుక్కోవడం సులువే... ఫోన్లోనే గదులన్నీ చూపిస్తారు. కానీ గుమ్మం దగ్గర సొంతూరు ఏదని మొదలుపెట్టి, తిప్పి తిప్పి ఆ కులం ప్రశ్నకే వస్తారు. పోయిన నెల మేం చూసిన ఇంట్లో ఇంటాయన తన భార్యతో తెలుగులో మాట్లాడాడు. నా కూతురు సంబరంగా నోరు తెరవబోతే చెయ్యి గట్టిగా నొక్కాను. చివరిదాకా తమిళంలోనే మాట్లాడాను. ఇల్లు దొరికింది.

సామాను దించిన రోజు తలుపు వేసుకున్నాక అది అడిగింది, "అమ్మా, ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"మెల్లగా మాట్లాడు" అన్నాను.

ఇల్లు వెతికేటప్పుడు మీరేం దాచుకోవాల్సి వచ్చిందో రాయండి... నేను బయటికి వినపడకుండా మనసులోనే చదువుకుంటాను.