బస్సులో విన్న కిరాక్

ఆత్మకూరు నుంచి వనపర్తి పోయే బస్సులో నా పక్కన కూర్చున్న రైతు స్థిమితంగా లేడు. అప్పుడే ఆయన చేలో బోరు వేస్తున్నారు.

"నేను దగ్గరున్నప్పుడు ఏసిన బోర్లన్నీ ఎండిపోయినయ్ సార్. గందుకే ఈసారి మా ఇంటామె నన్ను బస్సెక్కిచ్చి తోలిచ్చింది."

ఫోను మోగింది. ఎత్తే ధైర్యం లేక నా చేతిలో పెట్టాడు. బోరు బండి రొదలో ఎవరో అరిచారు: "బావా, కిరాక్!"

కోనసీమవాణ్ణి, ఆ మాట ఎరగను. "కిరాక్ అంటున్నారు. మంచా, చెడా?"

"అయ్యో సార్! నోరు తెరుసుకొని చూసేటట్టుంటె కిరాక్ అంటం. సినిమాకంటం, బిర్యానీకంటం. నీళ్లకు ఇయ్యాల్నే విన్న!"

బస్సు ఆపించి మెట్ల దాకా పరుగెత్తాడు. అక్కడే నిలబడిపోయాడు.

"నేను పోతే నీళ్లు మల్ల ఆగిపోతయేమో సార్," అంటూ వచ్చి కూర్చున్నాడు. వనపర్తి వచ్చేదాకా వెనక్కే చూస్తూ ఉన్నాడు.