చల్లపల్లిలో ఆగిపోయిన రెండు బస్సులు

ధనుర్మాసంలో చంటిపిల్లతో దివిసీమకి వెళ్ళాలనుకునేవాళ్ళు మొదటి బస్సు జోలికి పోకండి. మంచు విడిపోయి ఎండెక్కాక తీరిగ్గా బయల్దేరండి. ఈ మాట నాకూ చెప్పారు. అమ్మ చెప్పింది, ఎదురింటివాళ్ళు చెప్పారు. కానీ నా ప్రయాణానికి వేళ పెట్టింది నేను కాదు, పంచాంగం.

మా పాప మూలా నక్షత్రం మొదటి పాదంలో పుట్టింది. తండ్రికి దోషమన్నారు. ఆరు నెలలు నిండేదాకా తండ్రి బిడ్డ ముఖం చూడకూడదు. నిండాక శాంతి చేయించి, పళ్ళెంలో పోసిన నువ్వుల నూనెలో ముందు నీడ చూసి, ఆ తర్వాతే నేరుగా చూడాలి. అందుకని పురిటికి గుడివాడ వచ్చినదాన్ని పుట్టింట్లోనే ఉండిపోయాను. మా ఆయన బందరులో, చిలకలపూడి రోల్డుగోల్డు నగలకి మెరుగు పెట్టే పనిలో ఉన్నారు. అప్పటికి మా వైపు సెల్‌ఫోన్లు రాలేదు. ఆదివారం ఆదివారం ఎదురింటి ఫోనుకి చేసేవారు. ఆ ఇంటివాళ్ళందరూ చుట్టూ కూర్చుని వింటూ ఉంటే ఏం మాట్లాడతాం? పాలు, జలుబు, టీకాలు. ఈ ఆరు నెలల్లో ఆయన ఒక్కసారి కూడా గుడివాడ రాలేదు. వస్తే వాకిట్లోనో వీధిలోనో బిడ్డ కంటపడుతుందని మా అత్తగారు ఒట్టు వేయించుకున్నారు. నాకు మాత్రం ఒట్టు కన్నా ఆయన భయమే పెద్దదనిపించేది.

శాంతి నాగాయలంకలో, అత్తగారింట్లో. ఆ రోజు మూల ఉదయం పది దాకానే ఉంది. పది దాటితే మళ్ళీ మూల వచ్చేసరికి పుష్యమాసం. శూన్యమాసమంటూ పురోహితుడు ఒప్పుకోడు. ఆ పై నెల మాఘం. అంటే ఈ పూట తప్పితే ఇంకో రెండు నెలలు.

ఐదుంపావుకి గుడివాడ బస్టాండులో బస్సెక్కాను. నాన్నకి ఆ వారమే కంటి ఆపరేషనైంది, ఆయన్ని వదిలి అమ్మ రాలేదు. ముందు సీటులో నన్ను కూర్చోబెట్టి, కండక్టరుకి అప్పజెప్పి, సంచి నా కాళ్ళ దగ్గర సర్ది దిగింది. దిగిన రెండడుగులకే కనపడకుండా పోయింది. అంత మంచు.

గుడివాడ నుంచి పామర్రు మామూలుగా అరగంట. ఆ రోజు గంటన్నర పట్టింది. అద్దం అవతల తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. కాలవగట్టు పక్కన రోడ్డు వంపు తిరిగే చోట కండక్టరు దిగి, భుజం మీది తెల్ల తువ్వాలు తీసి ఊపుకుంటూ ముందు నడిచాడు. డ్రైవరు ఆ తువ్వాలు చూసుకుంటూ బండి నడిపాడు. మళ్ళీ ఎక్కినప్పుడు కండక్టరు జుట్టంతా తడిసి ఉంది. "కంగారు పడకండమ్మా, పాపని గాలికి పెట్టకండి, అంతే" అన్నాడు. నేను కంగారు పడుతున్నది గాలికి కాదు. చేతి గడియారం నిమిషానికోసారి చూసుకుంటున్నాను.

ఆరూ నలభై అయిదుకి పామర్రు. అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్ళే బస్సు బెజవాడ నుంచి రావాలి. జంక్షన్లో నించున్నవాళ్ళందరూ ముసుగులు కప్పుకుని ఉన్నారు. ఎవరు ఆడో ఎవరు మగో గొంతు వింటే తప్ప తెలియలేదు. ఇడ్లీ బండి దగ్గర పొట్లం కట్టించుకున్నాను గానీ, రెండు చేతులూ బిడ్డకే సరిపోయాయి, తినలేకపోయాను. ఇంతమంది మధ్య నిలబడి అంత ఒంటరితనం నాకు అంతకుముందు తెలియదు. ఏడున్నరకి బస్సొచ్చింది.

కూచిపూడి వచ్చిందని కండక్టరు అరిచి చెబితే నమ్మాలి, అంతే. నా పక్కన వంగనారు కట్టలతో ఒకావిడ కూర్చుంది. పాపకి ఎన్నో నెల, పళ్ళొస్తున్నాయా, పేరేంటి అని అడిగింది. శాంతి అయ్యాకే పేరు పెట్టాలన్నారని చెప్పాను. ఆవిడకి ఇంకేం విప్పి చెప్పనక్కర్లేకపోయింది. "మూలా, ఆశ్లేషా?" అనడిగింది. తన మరిదికీ అలాగే అయిందట. మొవ్వలో దిగిపోతూ పాప నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆవిడ దిగాక ఆ సీటు ఖాళీగానే ఉండిపోయింది.

ఎనిమిదీ నలభైకి చల్లపల్లి. అక్కడితో ప్రయాణం ఆగిపోయింది. ముందు వంతెన మీద ధాన్యం బస్తాల ట్రాక్టరొకటి మంచులో దారి కానక అడ్డంగా ఒరిగిపోయిందట. అది తీస్తే గాని ఏ బండీ కదలదు. మా బస్సు ముందూ వెనకా మరో నాలుగైదు బస్సులు నిలబడి ఉన్నాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో కూడా నేను చూడలేదు.

పాప పాలకి ఏడుపు లంకించుకుంది. బస్టాండు పక్కన తెరిచి ఉన్నది ఒక్కటే టీ కొట్టు. నడిపే ఆవిడ కాశింబీ గారు, అరవై ఏళ్ళుంటాయి. నేను నోరు తెరవకముందే పొయ్యి వెనక గోనెపట్టా తెర ఎత్తిపట్టుకుని, "లోపలికి రామ్మా, వెచ్చగా ఉంటది" అన్నారు. తెర వెనక పీట మీద కూర్చుని పాలిచ్చాను. పొయ్యి వెచ్చదనానికి ఒళ్ళు కొంచెం తేలికపడింది. తొమ్మిదీ అయిదు అయింది. ఇంకా టైముందని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

అప్పుడు తెర అవతల ఎవరో టీ అడిగారు. పంచదార ఇంకో చెంచా వెయ్యమన్నారు. ఆ గొంతు నాకు తెలుసు.

ముందు రోజు దాకా సంక్రాంతి ఆర్డర్లుండి, మా ఆయన కూడా ఆ ఉదయమే బందరు నుంచి బయల్దేరారు. బందరు దారీ పామర్రు దారీ చల్లపల్లిలోనే కలుస్తాయి. ఆయన బస్సూ నా బస్సూ ఒకే చోట చిక్కుకుపోయాయి. ఇద్దరం పంచాంగం చూసుకున్నాం గానీ, ఈ మాట ఇద్దరికీ తట్టలేదు.

పాప మీద కొంగు నిండా కప్పి తెర బయటికి వచ్చాను. "ఏమండీ" అన్నాను. ఆయన నా వైపు తిరగబోయి, సగంలో ఆగి, అటునుంచి అటే రోడ్డు వైపు గిర్రున తిరిగిపోయారు. చేతిలో టీ అంతా ప్యాంటు మీద ఒలికింది. కాలినట్టే ఉంది, కానీ కదల్లేదు.

"పాప ఉందా?" అని రోడ్డునే అడిగారు.

"ఉంది. కొంగు కప్పాను."

బెంచీ మీద మఫ్లరు కట్టుకున్న పెద్దాయనొకరు ఇదంతా చూస్తున్నారు. ఆయనకి మేం అలిగి విడిపోయిన మొగుడూ పెళ్ళాల్లా కనపడ్డాం. పసిబిడ్డ తల్లితో పంతాలేమిటని మా ఆయనకి చీవాట్లు పెట్టి, పెద్దవాణ్ణి చెబుతున్నాను ఇటు తిరగమని భుజం పట్టుకుని లాగారు. మా ఆయన బెంచీ కాలు పట్టుకుని వేలాడినంత పనిచేశారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. సంగతి చెబితే పెద్దాయన గబుక్కున చెయ్యి తీసేసి, మాకు అడ్డం లేకుండా వెళ్ళి చివర కూర్చున్నారు.

తొమ్మిదిన్నర దాటినా దారి తెరుచుకోలేదు. మా ఆయన ఎస్‌టీడీ బూత్‌కి వెళ్ళి నాగాయలంక ఫోన్ చేసి వచ్చారు. వచ్చి మళ్ళీ నాకు వీపు పెట్టే నిలబడ్డారు. పురోహితుడు ఇక కుదరదన్నాడట. బిడ్డా తండ్రీ ఒక ఇంట్లోకి రావద్దనీ, ఎటువాళ్ళు అటు వెనక్కి వెళ్ళిపొమ్మనీ అత్తగారు చెప్పారట. మాఘంలో చూద్దామన్నారట. ఇవన్నీ ఆయన రోడ్డుకి చెప్పారు, నేను వెనక నుంచి విన్నాను.

కాసేపటికి ఆయన చెయ్యి వెనక్కి చాపారు. "చూడకూడదన్నారు గానీ, ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు" అన్నారు.

పాప మేజోడు విప్పాను. మెరుగు పెట్టే మందులకి ఆయన వేళ్ళు గరుకుతేలి ఉన్నాయి. చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, మళ్ళీ చాపారు. కాలు ఆ అరచేతిలో పెట్టాను. పాప కాలు లాక్కోబోయింది. ఆయన వదల్లేదు, గట్టిగానూ పట్టుకోలేదు.

"ఇంత వెచ్చగా ఉందేంటి? జ్వరమా?"

"కాదండీ. పిల్లల ఒళ్ళు అలాగే ఉంటుంది."

ఆయనకి అది కూడా తెలియదు. ఎలా తెలుస్తుంది? అలా ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. కాశింబీ గారు పొయ్యి ఊదడం మానేసి మమ్మల్నే చూస్తున్నారు. నా ముందు తడిసిన చొక్కా వీపు, దానవతల మంచు. అప్పుడు నాకు ఆరు నెలల కోపమూ ఒక్కసారిగా వచ్చింది.

"బిడ్డ ముఖం చూడకూడదన్నారు సరే. నా ముఖం చూడకూడదని ఏ పంచాంగంలో ఉందండీ?"

ఆయన రోడ్డునే చూస్తూ, "నిన్ను చూస్తే కళ్ళు అక్కడ ఆగవు. కిందికి పోతాయి" అన్నారు.

పాపని కాశింబీ గారి చేతుల్లో పెట్టాను. ఆవిడ మారుమాట లేకుండా తీసుకుని తెర వెనక్కి వెళ్ళారు. నేను చుట్టూ తిరిగి వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు.

"నా చేతుల్లో ఏమీ లేదు. చూడండి" అన్నాను.

చూశారు. నా నుదురు, కనుబొమలు, ముక్కు, గడ్డం, ఒక్కొక్కటే చూశారు. నాలుగింటికి లేచి జడ వేసుకున్నదాన్ని, మంచుకి అదంతా రేగిపోయి ఉంటుందని సిగ్గుపడ్డాను. ఆయనింత చిక్కిపోయారేమిటని దిగులూ పడ్డాను. ఇక నా గురించి ఏదో ఒకటి అంటారని ఎదురుచూశాను.

"దాని కళ్ళు కూడా ఇలాగే ఉంటాయా?" అని అడిగారు.

ఒళ్ళు మండిపోయింది. ఆరు నెలల తర్వాత నా ముఖం చూసి ఆయన వెతికింది నన్ను కాదు. "కావు, మీ కళ్ళే" అన్నాను. ఆయన చెయ్యెత్తి తన కనురెప్పల మీద వేళ్ళు ఆనించుకున్నారు. గుడ్డివాళ్ళు తడుముకున్నట్టు రెండు కళ్ళనీ మెల్లగా తడుముకున్నారు.

పదకొండుకి మంచు విడిపోయింది, వంతెన మీది ట్రాక్టరునీ తీశారు. పామర్రు వెళ్ళే బస్సు ముందొచ్చింది. కాశింబీ గారు నా ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి, పాపని ముసుగు కప్పే తెచ్చిచ్చారు. సంచిని మా ఆయన వెనక్కి నడుస్తూ బస్సు మెట్టు మీద పెట్టి, చెప్పాపెట్టకుండా బందరు బస్సు వైపు వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగి చూడరని తెలిసినా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

వచ్చేటప్పుడు కనపడని దారంతా ఇప్పుడు కనపడింది. కోతలైన మళ్ళు, కుప్పలు, అప్పుడే మొలకెత్తిన మినుము, రోడ్డు వెంటే కాలవ. ఎండలో ఆ దారి చాలా చిన్నది. పన్నెండుకి పామర్రులో బస్సు మారి, ఉదయం పొట్లం కట్టించుకున్న ఇడ్లీలు చల్లారిపోయినా తిన్నాను. దారిపొడవునా ఆయన్ని మనసులో తిడుతూనే ఉన్నాను.

గుడివాడ ఇంకో పావుగంట ఉందనగా పాప నిద్ర లేచింది. కొంగు తీశాను. కళ్ళు విప్పి, రెప్ప వెయ్యకుండా నన్నే చూసింది. ఆరు నెలలుగా ఒంటరిగా ఉన్నది నేనేననుకున్నాను. పొద్దున లేస్తే పాప ముఖంలో ఆయన కళ్ళు నన్ను చూస్తూనే ఉన్నాయి. ఆయన్నే ఎవరూ చూడలేదు.