వినలేక మద్దెల ఓడు

కట్టుడుపళ్ళు చేసే ల్యాబులో ఆమెది ఇరవై రెండేళ్ళ పనితనం. మైనంలో పళ్ళు వరసగా అమర్చి, అచ్చుపోసి, చిగుళ్ళు గట్టిపడ్డాక చిన్న మోటారుతో అరగదీసి అద్దంలా నునుపు చేసేది. పొద్దంతా చెవి పక్కన ఆ మోటారు రొద. సాయంత్రం ఖాళీ దొరికిందా, రాక్ సంగీతం. తోటివాళ్ళు మొదట్లో ‘రాక్ అక్క’ అనేవారు. పలకగా పలకగా అది ‘రాకక్క’ అయి కూర్చుంది. ఆ పేరుతోనే ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టుకుంది.

ఊళ్ళోని పెద్ద హాల్లో ఏ బ్యాండు వాయించినా రాకక్క అక్కడ ఉండాల్సిందే. ఎడమ గోడ పక్కన, నిలువెత్తు స్పీకర్లకు నాలుగడుగుల దూరం ఆమె చోటు. మర్నాడు కచేరీ మీద తన అభిప్రాయం రాసేది. మొహమాటమన్నది ఎరగదు. “పాత గాయకుడు పాటలన్నీ శ్రుతి తగ్గించి పాడాడు. అరవై దాటిన గొంతు, అది తప్పు కాదు. పాతికేళ్ళ కుర్రాడిలా గెంతి ఆ సంగతి దాచబోవడమే తప్పు” అని ఒకసారి రాస్తే, పేజీ చదివే రెండువేల మందీ రెండు జట్లుగా చీలి వారం రోజులు కొట్టుకున్నారు.

ఆ హాల్లో శబ్దాలన్నీ సరిచూసే సౌండ్ మనిషి మీద మాత్రం ఆమెకు గురి. పద్నాలుగేళ్ళుగా అతనే. నోట్లో నాలుక లేని మనిషి. హాలు చివర మీటల బల్ల ముందు కూర్చుని, కచేరీ అయ్యాక “ఎలా ఉందక్కా?” అని ఒక్క మాట అడిగేవాడు. ఆమె బొటనవేలు పైకెత్తేది. అంతే.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక వరసగా మూడు కచేరీలు ఆమెకు నచ్చలేదు. మొదటిది ముగ్గురు కుర్రాళ్ళ బ్యాండు. డ్రమ్స్ మీది ఇత్తడి తాళాలు దుప్పటి కప్పి మోగించినట్టున్నాయని రాసింది. రెండోది ఆ పాత గాయకుడిదే. “మాటలకు అంచుల్లేవు. పాటలో ‘స’లూ ‘ష’లూ ఎటు పోయాయో! సౌండ్ మనిషి నిద్రపోయాడు కాబోలు” అని రాసింది. రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది, కానీ ఆ వాక్యం చమత్కారంగా ఉందనిపించి ఉంచేసింది. మూడోది నలుగురు ఆడవాళ్ళ బ్యాండు. గిటార్ వాయించే అమ్మాయి వేళ్ళు మెరుపుల్లా కదులుతున్నాయి, ఆ మెరుపు చెవికి మాత్రం అందడం లేదు. అదీ రాసింది.

ఈసారి కింద వచ్చిన జవాబులు వేరుగా ఉన్నాయి.

“నువ్వు ఏ కచేరీకి వెళ్ళావక్కా? మాకు చెవులు చిల్లులు పడ్డాయి.”

“సన్న శబ్దం సూదుల్లా గుచ్చింది. నేను సగంలో బయటికొచ్చేశాను.”

జవాబులు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి నాలుగుసార్లు చదివింది. బస్సు డ్రైవరైన భర్త తుండుతో తల తుడుచుకుంటూ అటు వచ్చి, ఫోన్లోకి తొంగి చూసి నవ్వాడు.

“ఆడలేక మద్దెల ఓడన్నారట. నువ్వు వినలేక అంటున్నావేమో చూసుకో.”

“మీకు రాక్ గురించి ఏం తెలుసని?” అని కసిరిందే గాని, ఆ మాట ముల్లులా దిగబడింది.

రెండ్రోజుల తర్వాత ల్యాబులో ఆమె పళ్ళు అరగదీస్తూంటే యజమానురాలు పరుగున వచ్చి భుజం పట్టి కుదిపింది. “ఆ అలారం పది నిమిషాలుగా కూస్తోంది, వినబడట్లేదా?” చిగుళ్ళను వేడినీళ్ళలో ఉడికించే పాత్ర తాలూకు అలారం అది. మూత తీసి చూస్తే లోపల అచ్చంతా బుడగలు. ఆమె మోటారు ఆపి చెవి ఒగ్గింది. ఏమీ లేదు. తల కుడివైపు నుంచి ఎడమకు తిప్పాక, కుడిచెవిలో సన్నగా, ఎక్కడో పక్క వీధిలో మోగుతున్నట్టు వినబడింది. “మోటారు రొదలో వినలేదమ్మా” అని అబద్ధమాడింది.

ఆ రోజు నుంచి కాలుకాలిన పిల్లే. వేళ్ళు చెవి దగ్గర రుద్దుకుని చూడటం, గడియారం చెవికి ఆనించుకోవడం, టీవీ శబ్దం పెంచి, భర్త వచ్చేలోగా తగ్గించడం. అంతలో హాలు టికెట్ల కిటికీ దగ్గర పనిచేసే ఆమె ఫోన్ చేసి మాటల మధ్యలో అంది: “మీ సౌండ్ మనిషిని తీసేశారు, తెలుసా? నీ పేజీ కూడా చూపించారట మేనేజరు.”

తేలు కుట్టిన దొంగలా రెండు రోజులు కిక్కురుమనలేదు. మూడో రోజు పొద్దున భర్త ముందు కూలబడి అంతా చెప్పేసింది. అతను నవ్వలేదు. “మా డిపోలో ఏటా చెవులు చూసే డాక్టరమ్మ ఉంది. పద” అన్నాడు.

చెవి పరీక్ష గది అల్మారా అంత ఉంది. తలుపు వేస్తే తన ఊపిరి తనకే వినబడేంత నిశ్శబ్దం. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక మీట. శబ్దం వినబడినప్పుడల్లా నొక్కాలి. కుడిచెవికి టకటకా నొక్కింది. ఎడమచెవి దగ్గరికొచ్చేసరికి కాసేపు నొక్కింది, తర్వాత నిశ్శబ్దం. అద్దానికి అవతల డాక్టరమ్మ చెయ్యి మాత్రం కదులుతూనే ఉంది. అంటే అక్కడ శబ్దం ఉంది. తనకే లేదు. పరీక్షలో కాపీ కొట్టే పిల్లలా ఒక్కసారి ఊరికే నొక్కుదామా అనిపించి, సిగ్గుపడి మీట ఒళ్ళో పెట్టేసుకుంది.

డాక్టరమ్మ కాగితం మీద గీత చూపించింది. సగం దాకా తిన్నగా వచ్చి, అక్కడినుంచి కొండచరియలా విరిగి పడిన గీత. “ఎడమచెవికి సన్నని శబ్దాలు పోయాయమ్మా. తిరిగి రావు. ఉన్నవి కాపాడుకోవాలి. మోటారు దగ్గరా, కచేరీలోనూ చెవిబిరడాలు పెట్టుకో.”

ఆ సాయంత్రమే సౌండ్ మనిషి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. మూడో అంతస్తు, మెట్ల నిండా తడి చెప్పులు. తలుపు తీసినవాడు ఆమెను చూసి ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

“తప్పు నాదయ్యా” అని గుమ్మంలోనే కాగితం చేతికిచ్చింది. “తాళాలు సరిగ్గానే మోగాయి. నాకే వినబడలేదు.”

అతను ఆ కాగితాన్ని దీపం వెలుతురులోకి తిప్పాడు. శబ్దాల గీతలు చదవడం అతని వృత్తే. “ఇక్కడినుంచే పెంచానక్కా” అన్నాడు మెల్లగా, ఆ విరిగిన చోట వేలు పెట్టి.

“ఏం పెంచావు?”

“మీరు తాళాలు వినబడలేదని రాశారుగా. రెండో కచేరీకి కొంచెం పెంచాను. నిద్రపోయానన్నారు. మూడోదానికి ఇంకా పెంచాను. నాకు ఎక్కువే అనిపించింది. మీ చెవి మీద నమ్మకం కొద్దీ నా చెవిని నమ్మలేదు. జనం గోల పెట్టారు. తీసేశారు.”

అతను టీ తాగమన్నాడు. తాగింది గాని, ఏం తాగిందో తెలియలేదు.

మర్నాడు ల్యాబుకు సెలవు పెట్టి హాలు మేనేజరు ముందు నిలబడింది. కాగితం బల్ల మీద పరిచి జరిగింది జరిగినట్టు చెప్పింది. మేనేజరు కళ్ళజోడు సవరించుకున్నాడు. “మీరు చెప్పారని తీసేశాను. మళ్ళీ మీరు చెప్పారని పెట్టుకోవాలా?”

“నేను చెప్పానని కాదండీ. పద్నాలుగేళ్ళు విన్న మీ చెవులు చెప్పినట్టు చెయ్యండి.”

“చూద్దాం” అన్నాడాయన.

ఆ ‘చూద్దాం’ తొమ్మిది రోజులు సాగింది. ఈలోగా పాత అభిప్రాయాలు మూడింటి పైనా, చెరిపేయకుండా, ఎడమచెవి సంగతి రాసి క్షమాపణ పెట్టింది. కొందరు మెచ్చుకున్నారు. “చెవిటి విమర్శకురాలు” అని ఒకడు వెక్కిరించాడు. అదీ ఉంచేసింది. ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడేది, మోగనప్పుడు వినబడలేదేమోనని ఇంకా కంగారు పడేది. పదో రోజున సౌండ్ మనిషే చేశాడు. చిన్న కార్యక్రమాలకు తీసుకున్నారట. పెద్దవాటికి మాత్రం అతని బదులు వచ్చిన కొత్తవాడేనట.

తర్వాతి చిన్న కచేరీకి ఆమె వెళ్ళింది, భర్తను వెంటబెట్టుకుని. గోడ పక్కకు పోలేదు. చెవిబిరడాలు పెట్టుకుని హాలు నడుమ నిలబడింది. ఇద్దరు అన్నదమ్ములు గిటార్లు వాయిస్తున్నారు. పాట పాటకీ ఆమె కళ్ళు జనం మొహాల మీదికే పోయాయి. ఎవరైనా చెవి మూసుకుంటున్నారా? ఎవరైనా లేచి పోతున్నారా? ఎవరూ పోలేదు. నాలుగో పాటలో పెద్దవాడు తీగ తెంపుకుని, మిగిలిన అయిదు తీగలతోనే పాట పూర్తిచేసేసరికి పక్కనున్న డ్రైవరుగారు తనకు తెలియకుండానే చప్పట్లు కొట్టేశాడు.

కచేరీ అయ్యాక సౌండ్ మనిషి బల్ల దగ్గరికి వెళ్ళింది. అతను వైర్లు చుడుతున్నాడు. ఎలా ఉందని అడగలేదు.

“పాటలు బాగున్నాయి. నీ పని గురించి మాత్రం నన్నడక్కు. ఈయన్నడుగు” అని భర్తను ముందుకు తోసింది.

డ్రైవరు తల గోక్కున్నాడు. “ప్రతి మాటా తెలిసింది బాబూ. నాకు రాక్ కచేరీలో మాటలు తెలియడం ఇదే మొదలు.”

సౌండ్ మనిషి చుడుతున్న వైరు ఆపి, “కూర్చోండి బావగారూ” అని కుర్చీ లాగాడు.