నాగూర్ నాయన కత్తి

హజరత్తయ్య బిట్రగుంట రైల్వే షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరై పదకొండేళ్లయింది. ఇప్పటికీ చొక్కా జేబులో గరుకు కాగితం ముక్క పెట్టుకుని తిరుగుతాడు. ఎక్కడ తుప్పు కనిపించినా ఒక కన్ను మూసి చూస్తాడు. కాలనీలో గేటు గొళ్లేలన్నీ అతని చేతిలో తళతళలాడినవే. పక్కింటి ముంతాజ్ అట్లకాడను రుద్ది రుద్ది ఆకంత పల్చన చేసినాడు. అయినా సెలూను నాగూర్ తన నాయన వాడిన మడతకత్తి తెచ్చి అతనికే ఇచ్చినాడు. "తుప్పొక్కటే తియ్యన్నా. నాయన గుర్తుగా మిగిలింది ఇదొక్కటే." నూనెగుడ్డతో తుడిచి ఉంటే సరిపోయేది. ఇంజను చక్రాల మధ్య ముదిరిన చెయ్యి కదా, గ్రైండరు ఆన్ చేసినాడు. నిప్పురవ్వలు ఎగిరి, కత్తి అంచు నెమలికంఠం రంగుకి తిరిగింది. ఆ రంగొస్తే ఉక్కు చచ్చినట్టేనని షెడ్డులో అందరికీ చెప్పినవాడు అతనే.

మర్నాడు పొద్దున్నే పోయి, కత్తి నాగూర్ చేతికిచ్చి సెలూను కుర్చీలో కూర్చున్నాడు. "ముందు నాకే గియ్యి, మీసంతో సహా." నాగూర్ ఆ నీలం వంక చాలాసేపు చూసినాడు. నురగ పూసి కత్తి ఆనించినాడు. అది వెంట్రుకను కొయ్యలేదు, పట్టుకుని పీకింది.

"తెగతా ఉందా అన్నా?"

"వెన్నలో దిగినట్టుంది" అన్నాడు హజరత్తయ్య, కళ్ల నీళ్లు చెవుల్లోకి కారుతుంటే.

సగం మీసానికి అరగంట పట్టింది. నాగూర్ కత్తి కడిగి, తుడిచి, నాయన ఫొటో కింద పెట్టినాడు.

"మిగతా సగం రేపు గీస్తాలే అన్నా."

హజరత్తయ్య అద్దంలో ఒక కన్ను మూసి చూసుకున్నాడు.

"ఎన్నింటికి రమ్మంటావు?"